ఖాయం సీటులో ఒక ఓటు గల్లంతు: జాలరిపేట దాకా ఒక రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్రయాణం మంచిగానే ముగిసింది. ముగింపు మొదట్లోనే చెప్పకూడదంటారు గానీ, హమ్మయ్య అనుకుని వారమైనా కాలేదు, దాచుకోవడం నా వల్ల కావడం లేదు. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న వార్తా వెబ్‌సైట్‌కి నియోజకవర్గాల పరిచయాలు రాస్తుంటాను. ఏ పార్లమెంటు స్థానంలో ఎవరుంటారు, ఏ పనులు చేసుకుంటారు, ఎటు ఓటేస్తారు, ఇదీ నా వృత్తి. మా ఆఫీసు గోడ మీద ఒక పటం ఉంది. గట్టి పోటీ ఉన్న స్థానాలకి ఎర్ర పిన్ను, ఫలితం ముందే తెలిసిపోయిందనుకునే వాటికి పచ్చ పిన్ను. విశాఖకి మావాళ్ళు పచ్చది గుచ్చారు. అది ఎంతవరకు నిజమో నన్నడక్కండి, ఏ పార్టీ అని అసలే అడక్కండి, కామెంట్లలో మీరు కొట్టుకుంటారు. పచ్చ పిన్ను ఉన్న చోటికి మనిషిని పంపరు. ఖర్చు దండగ, కుర్చీలో కూర్చునే రాసెయ్ అంటారు. నేనూ బుద్ధిగా అలాగే రాసేశాను.

అదే కొంప ముంచింది. ఓటర్ల జాబితా సవరణలో తీసేయబోయే పేర్లంటూ కొన్ని కాగితాలు బయటపెడతారు. విశాఖ జాలరిపేటలో ఒక సందుకి సంబంధించిన కాగితం నా కంటపడింది. నాలుగు పేర్లు, అన్నీ మగవాళ్ళవే, అన్నిటికీ ఎదురుగా 'ఇక్కడ ఉండటం లేదు' అని ఉంది. ఇంకేముంది, నాలో మేధావి నిద్ర లేచాడు. 'వేట గిట్టుబాటు కాక మత్స్యకారులు వలస పోతున్నారు, ఈ పేటలో ఓటర్ల స్వరూపమే మారిపోతోంది' అని ఒక పేరా దంచేశాను. రెండో రోజు ఆ వ్యాసం కింద ఒక కామెంటు వచ్చింది. 'మా నాన్న వలస పోలేదు, వేటకి వెళ్ళాడు. మీరు మా వీధికి వచ్చి చూశారా?' అని. రాసింది దేవి అనే అమ్మాయి, మద్దిలపాలెంలో ఒక బట్టల షాపులో పని చేస్తుంది. ముఖం మీద కొట్టినట్టనిపించింది. నంబరు అడిగి తీసుకుని ఫోన్ చేశాను.

దేవి చెప్పింది విన్నాక ఇంకా సిగ్గేసింది. జాబితా సరిచూసే ఆవిడ రెండుసార్లు వాళ్ళింటికి వచ్చిందట, ఆ రెండుసార్లూ దేవి వాళ్ళ నాన్న నూకరాజు అంతకు ముందు వేటల మీద ఉన్నాడట. నూకరాజు ఎక్కడ, ఎప్పుడొస్తాడు అని అడిగిందట. దేవి వాళ్ళమ్మ ఎర్రమ్మ నోరు విప్పలేదట. "మా ఇంట్లో అంతేనండి. సంద్రం మీదున్న మనిసి పలానా రోజు వత్తాడని నోటితో అనకూడదు. మా మామ్మ అనీది కాదు, మా అమ్మ అనదు. మా సందులో పాత ఇళ్ళన్నీ అంతే" అంది. రెండోసారి కూడా జవాబు రాకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఉండటం లేదని రాసుకుని వెళ్ళిపోయింది. అభ్యంతరం చెప్పుకోవడానికి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు ఆఖరు. దేవి వెళ్తే, భార్య స్వయంగా వచ్చి చెప్పాలన్నారట. అక్కడా అదే ప్రశ్న అడుగుతారని ఎర్రమ్మ కదలనంటోంది. దేవికి పెళ్ళిళ్ళ సీజన్లో సెలవు దొరకదు.

"ఒక్క ఓటే కదమ్మా, అదీ ఖాయం సీటులో" అని నోరు జారాను.  దేవి నెమ్మదిగా చెప్పింది. "మీకు అది ఒట్టి ఓటేనండి. మా మావయ్య బోటు ఇంజను పాడైపోయి పక్క దేశం నీళ్ళలోకి కొట్టుకుపోయింది. నెలల తరబడి అక్కడే ఉంచేసేరు. ఈ మనిసి మీవోడేనా అని అడిగితే, ఈ లిస్టులో పేరు సూపించే మేం తెచ్చుకున్నాం. ఇప్పుడు మా నాన్న పేరు తీసేత్తే, రేపొద్దున ఏదైనా అయితే నాను ఏటి సూపించాలి?"  గురువారం సాయంత్రం రైలుకి టికెట్ తీశాను.

సికింద్రాబాద్ నుంచి స్లీపర్ నాలుగొందల చిల్లర. శుక్రవారం పొద్దున్న ఆరున్నరకల్లా విశాఖలో దిగాను. స్టేషన్ బయట ఆటోవాళ్ళు చుట్టుముడతారు, మొదటి ధరకి తలూపకండి. రోజంతా తిప్పడానికి ఒకాయన పద్దెనిమిది వందలకి ఒప్పుకున్నాడు. పేరు అప్పలరాజు, నలభై ఏళ్ళుంటాయి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఎర్రమ్మ చేపల బేరం అయ్యేసరికి పదకొండు దాటుతుందని దేవి చెప్పింది కాబట్టి, ఈలోగా నేను కుర్చీలో కూర్చుని వర్ణించిన నియోజకవర్గాన్ని కళ్ళతో చూద్దామనుకున్నాను. ముందు గాజువాక వైపు పోనిమ్మన్నాను.

పోర్టు రోడ్డులో లారీల వెనక నత్తనడకన వెళ్ళి గాజువాక చేరేసరికి ఏడున్నర. రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ, బొంబాయి చట్నీ తిన్నాం, ఇద్దరికీ ఎనభై రూపాయలు. పక్కన నిలబడి తింటున్న నలుగురిలో ఒకాయన ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ దిగి వస్తున్నాడు, ఒకాయన ఒడిశా నుంచి వచ్చిన వెల్డరు, మిగతా ఇద్దరూ ఒకప్పుడు ఫ్యాక్టరీ కోసం భూములిచ్చిన కుటుంబాలవాళ్ళు. 'పారిశ్రామిక ఓటరు' అని నేను ఒకే మాటతో చుట్టేసింది వీళ్ళందర్నీ కలిపి. ఆ వెల్డరు ఓటు బరంపురంలో ఉందట. భూములిచ్చిన ఇద్దరిలో పెద్దాయన, ఎటు వేస్తారని అడిగితే ఇడ్లీ మింగి, "నువ్వు పేపరోడివా?" అన్నాడు. అవునన్నాను. "అయితే సెప్పను" అని చెయ్యి కడుక్కున్నాడు.

అక్కణ్ణించి గోపాలపట్నం మీదుగా సింహాచలం కొండ కిందకి గంట ప్రయాణం. శుక్రవారం కాబట్టి జనం ఓ మాదిరిగానే ఉన్నారు. పైకి వెళ్ళే టైము లేక కిందే దణ్ణం పెట్టుకుని టీ తాగాం. "ఈ ఊళ్ళో రాయి ఇసిరితే అప్పలరాజుకో అప్పలనర్సమ్మకో తగుల్తాది సార్, అంతా ఆ స్వామి పేరే" అన్నాడు అప్పలరాజు. అతనిది విజయనగరం అవతల ఒక పల్లె. రెండెకరాలు తమ్ముడికి వదిలి ఇక్కడ ఆటో నడుపుతున్నాడు, పదిహేనేళ్ళయింది. మరి నీ ఓటెక్కడ అంటే, "ఊళ్ళోనే. ఇక్కడ అద్దె ఇల్లు, ఇయాల ఈ సందు, రేపు ఆ సందు. ఓటు ఊళ్ళో ఉంటే మనం ఊళ్ళో ఉన్నట్టు లెక్క" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. ఊళ్ళో ఉండనివాడి పేరు ఊరి జాబితాలో నిక్షేపంలా ఉంది. జాలరిపేటలో పుట్టి, అక్కడే ఇల్లు కట్టుకుని, అక్కణ్ణించే సముద్రం మీదికి వెళ్ళేవాడి పేరు ఎగిరిపోబోతోంది.

అడవివరం, ఆరిలోవ రోడ్డు పట్టుకుని హనుమంతవాక మీదుగా జాలరిపేట చేరేసరికి పదకొండుంబావు. మీరు చేపలకోసం వెళ్ళేట్టయితే ఇంత ఆలస్యం చెయ్యకండి, ఎనిమిదిలోపు ఉండాలి. ఇసుక మీద నాటు పడవలు వరసగా ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి. రోడ్డు పక్క పీట మీద కూర్చుని ఎర్రమ్మ చివరి వంజరం ముక్కలు కోస్తోంది. యాభై ఏళ్ళ మనిషి, చేతినిండా గాజులు, చూపులోనే బేరం కుదిరేది లేనిది చెప్పేసే రకం. నేనెవరో చెప్పాను. కత్తి ఆపకుండానే, "నువ్వేనా మావోళ్ళు పారిపోయారని రాసిన బాబువి?" అంది. అవునమ్మా, తప్పయిపోయింది, దిద్దుకోవడానికే వచ్చానన్నాను.

"తప్పయితే మంచిదే" అని ఒక ముక్క పక్కన పెట్టింది. "కూకో. ఎండన పడొచ్చావు." ఇంట్లో కానాగంతల చేపల పులుసు, అన్నం పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు, డబ్బులిస్తే తిట్టింది. తిన్నాక అసలు మాట ఎత్తాను. ఆమె గోడకున్న భర్త ఫోటో వైపు చూసి చెప్పింది. "పిల్ల ఏడుత్తంది కాబట్టి వత్తాను. మూడు మాటలు సెప్తాను. ఆడు నా మొగుడు, ఇది నా ఇల్లు, ఇదిగో కార్డు. నాలుగోది అడిగితే లేసి వచ్చీత్తాను. మల్లీ నన్ను అనకూడదు." మూడు మాటలు చాలు, మిగతాది నేను చూసుకుంటాను అని గొప్పగా మాటిచ్చాను. అప్పుడు నా ధైర్యం చూసి నాకే ముచ్చటేసింది.

అభ్యంతరాలు తీసుకునే ఆఫీసుకి మూడింటికి వెళ్ళాం. బెంచీల మీద ముప్పై మందిదాకా ఉన్నారు. ఎర్రమ్మ సందులోనే మరో ముగ్గురు ఆడవాళ్ళు కూడా అక్కడున్నారు, జాబితాలో మిగతా మూడు పేర్లు వాళ్ళ భర్తలవే, అదే బోటులో వెళ్ళారు. ఎర్రమ్మ వస్తోందని తెలిసి ధైర్యం చేసి వచ్చారట. మా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. అధికారి చిన్న వయసావిడ, విసుగు లేని మనిషి. కార్డు చూసింది, కరెంటు బిల్లు చూసింది, అన్నీ సరిపోయాయి. "ఆయన ఇప్పుడెక్కడున్నారమ్మా?" అంది. "యాటలో ఉన్నాడు" అంది ఎర్రమ్మ. "ఎప్పటికి వస్తారు?"

ఎర్రమ్మ పెదాలు బిగించేసింది. అధికారి రెండోసారి అడిగింది, మెత్తగానే. "చూడమ్మా, ఉండిపోవడానికి వెళ్ళారా, పని మీద వెళ్ళి తిరిగొస్తారా అన్నది నేను రాయాలి. ఆ ముక్క మీరు చెప్పకపోతే నేనెలా రాసేది?" గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది.  వేట మామూలుగా రెండు వారాలుంటుందని, పోయిన వారం బుధవారం వెళ్ళారని దేవి ఫోన్లో చెప్పి ఉంది. ఆగలేకపోయాను. "వచ్చే బుధవారం వచ్చేస్తాడు మేడమ్!" అనేశాను, పరీక్షలో పక్కవాడికి జవాబు అందించినట్టు.

 వెనక బెంచీ మీద ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎర్రమ్మ నా వైపు చూసిన చూపు నేను బతికుండగా మరిచిపోను. "ఓలమ్మో! ఏటి బాబూ ఆ మాట! నా మొగుడికి నువ్వు రోజు పెట్టీడమేటి?" అని లేచింది, కార్డు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అధికారి నన్నడిగింది, మీరెవరు అని. వ్యాసం రాసేవాణ్ణన్నాను. "నాకు భార్య మాట కావాలండీ, వ్యాసం కాదు" అని పక్క కాగితం తీసుకుంది. నాలుగుంబావు. మంచికి పోతే చెడెదురైందంటారే, అది ఇదే. నేను రాకపోయినా పోయేది ఆ పేరే. వచ్చి, ఉన్న ఆశ కూడా పోగొట్టాను. భూమి చీలితే బాగుండుననిపించింది.

బయట మెట్ల కింద ఎర్రమ్మ కూర్చుని నన్ను, నా పేపరుని, నన్ను కన్నవాళ్ళని తిట్టిపోస్తోంది. అప్పలరాజు పక్కనే నిలబడి వేరుశనక్కాయలు తింటూ అంతా విన్నాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కాసిని కాయలు చేతిలో పెట్టాడు. అటు అక్కని అప్ప అంటారు. "అప్పా, మాది యవసాయం. ఇత్తనాలు జల్లీసి ఇంటికొచ్చినప్పుడు, ఏరా ఎన్ని బస్తాలు పండుతాయని ఎవడైనా అడిగితే మా అయ్య నోరిప్పీవోడు కాదు. పండక ముందు లెక్క కట్టకూడదని. ఎన్ని కుంచాలు జల్లేవురా అంటే మాత్రం టక్కున సెప్పీవోడు. జల్లింది మన సేతిలోది కదా. పండీది ఆ సింహాచలం అప్పన్న సేతిలోది" అన్నాడు.

ఎర్రమ్మ తిట్టడం ఆపింది. ఒక కాయ వొలిచింది, రెండోది వొలిచింది. "బోటులోకి ఐసు ఎక్కిత్తన్నప్పుడు నానక్కడే ఉన్నాను" అంది, మాకు కాదు, తనలో తను అనుకున్నట్టు. మళ్ళీ, "ఎంత ఎక్కిచ్చేరో నాకు తెల్సు" అంది. అప్పలరాజు ఏమీ అనలేదు. మా ప్రయాణం మొత్తంలో అతను నోరు మూసుకున్నది ఆ ఒక్క నిమిషమే. ఎర్రమ్మ చీర దులుపుకుని లేచి, నాకు వేలు చూపించి, "నువ్వు నోరెత్తేవంటే సంపీత్తాను" అని మెట్లెక్కింది.

ఈసారి కూర్చోలేదు. బల్ల ముందు నిలబడే చెప్పింది. "అమ్మా, వచ్చే రోజు అడక్కు. ఎల్లిన రోజు సెప్తాను. పోయిన వారం బుదవారం తెల్లారగట్ల హార్బరు కాడ బోటెక్కేడు. తొమ్మిది మంది మనుసులు. పదైదు రోజులకి సరిపోయీ ఐసెక్కిచ్చేరు. బియ్యం, నీళ్ళు, డీజిలూ అంతే. ఉండిపోయీవోడు ఐసెందుకు అట్టుకెల్తాడు తల్లీ? ఐసు సేపకి. సేప ఒడ్డుకి. అంతే, ఇంకేటీ అడక్కు."

అధికారి కలం పట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే వచ్చే..." అని మొదలుపెట్టి, వెనక బెంచీలోని ముఖాలు చూసి, నాలిక కరుచుకుంది. తల వంచుకుని రాసి, పైకి చదివింది. "'చేపలవేటకు వెళ్ళారు. పదిహేను రోజులకు సరిపడా సరుకు తీసుకెళ్ళారు. నివాసం ఈ చిరునామాలోనే.' సరిపోయిందామ్మా?" ఎర్రమ్మ, "సరిపోయింది తల్లీ, సల్లగుండు" అని సంతకం పెట్టింది. రసీదు చేతికొచ్చేసరికి నాలుగూ నలభై. మిగతా ముగ్గురూ ఇంక ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు బల్ల దగ్గరికి వచ్చి, బుదవారం ఎల్లేడు, ఐసెక్కిచ్చేరు అని అప్పజెప్పారు. ఐదు దాటినా అధికారి లేవలేదు, నలుగురివీ పూర్తి చేసింది. నాకు ఒళ్ళంతా తేలికైపోయి, ఎదురుగా కనబడ్డ అటెండరుకి దణ్ణం పెట్టేశాను. పాపం ఎందుకో అర్థంకాక అతనూ పెట్టాడు.

మద్దిలపాలెంలో దేవి షాపు ముందు ఆగి రసీదు చూపించాం. కస్టమరుకి చీర మడత విప్పుతున్నది అలాగే వదిలేసి వచ్చి తల్లిని పట్టుకుని ఏడ్చింది. రాత్రి రైలుకి నేను తిరుగుముఖం పట్టాను. అయితే నిజం చెప్పాలి, నాకు ముహూర్తాల మీద, శకునాల మీద నమ్మకం లేదు. అయినా బుధవారం వచ్చేసరికి పొద్దున్నుంచి ఫోను చేతిలోంచి పెట్టలేదు. ఏ కబురూ లేదు. ఆ రోజే బంగాళాఖాతంలో అల్పపీడనమని వార్త. గురువారం కూడా ఏమీ లేదు. నేను అన్న మాట నాకే ముల్లులా గుచ్చుకుంది. దేవికి ఫోన్ చేసి అడగాలంటే, ఏమని అడగాలి? అడక్కూడని ప్రశ్న అదే కదా.

శుక్రవారం పొద్దున్న తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "బాబూ, నాను నూకరాజుని. వచ్చీసేను" అంది ఒక బొంగురు గొంతు.  ఆ గొంతు ఇంకేదో అంటుండగానే ఎర్రమ్మ ఫోను లాక్కుంది. "నీ బుదవారం దాటబెట్టే వచ్చేడు బాబూ! నీ మాట తప్పింది, మంచిదైంది" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. ఎవరు గెలుస్తారో ముందే చెప్పి బతికేవాణ్ణి నేను. జోస్యం తప్పినందుకు ఇంతగా సంతోషించడం నా జీవితంలో ఇదే మొదలు.

వ్యాసంలో 'వలస' పేరా తీసేశాను. దానివల్ల ఫలితమేమైనా మారుతుందా అని మా ఎడిటర్ అడిగాడు. మారదన్నాను. గోడ మీద పచ్చ పిన్ను అలాగే ఉంది. కానీ ఆ రంగు చూస్తే ఇప్పుడు నాకు నెమ్మదిగా ఉండటం లేదు. పోటీ గట్టిగా ఉన్నచోట ఒక్క పేరు పోతే రెండు పార్టీలవాళ్ళూ ఆఫీసు ముందు కూర్చుంటారు. ఖాయం అనుకున్నచోట గెలిచేవాడికి ఆ ఓటు అక్కర్లేదు, ఓడేవాడికి అది చాలదు. అందుకే ఆ నలుగురి కోసం ఎవరూ రాలేదు, వాళ్ళ భార్యలే రావాల్సి వచ్చింది. కాబట్టి ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే. టికెట్ తీసుకునే ముందు, మీ ఊరి ఓటర్ల జాబితా తెరిచి, మీ ఇంట్లో ఊరికి దూరంగా పని చేస్తున్నవాళ్ళ పేర్లు ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి. మీది ఖాయం సీటు అయితే ఈ రోజే చూసుకోండి, అక్కడ మీ తరఫున చూసేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.